ల్యాబ్ లేదు.. లెక్కలు ఆగలేదు!

చదువైపోయాక రెండు మూడేళ్లు ఖాళీ వచ్చిందా? రెజ్యూమెలో దాన్ని ఎలా చూపించాలా అని తల పట్టుకున్నారా? అయితే క్యాథ్లీన్ లాన్స్‌డేల్ గురించి మీరు తెలుసుకోవాల్సిందే.

1903లో ఐర్లాండ్‌లో పుట్టారు. పదిమంది పిల్లల్లో చివరమ్మాయి. చిన్నప్పుడే కుటుంబం ఇంగ్లండ్‌ చేరింది. ఆడపిల్లల బడిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, పైస్థాయి గణితం చెప్పేవాళ్లు లేకపోతే మగపిల్లల బడికెళ్లి చదివారు. ఆ క్లాసుల్లో ఆమె ఒక్కరే అమ్మాయి. 1922లో బీఎస్సీలో ఆమెకొచ్చిన మార్కులు చూసి, ఎగ్జామినర్లలో ఒకరైన నోబెల్ గ్రహీత డబ్ల్యూ.హెచ్.బ్రాగ్ తన ల్యాబ్‌లో చేర్చుకున్నారు.

అక్కడ పనేంటంటే.. స్ఫటికం మీదికి ఎక్స్‌రేలు పంపడం. వాటిని చెదరగొట్టేది ఎలక్ట్రాన్లే. చెదిరిన కిరణాలు ఏ దిక్కున ఎంత బలంగా వస్తున్నాయో కొలిస్తే, లోపలి అమరిక లెక్కకట్టొచ్చు. ఇవాళ కరెంటు ప్రవహించని ఆక్సైడ్లలో ఎలక్ట్రాన్ ఆర్బిటాళ్లు ఎటు తిరిగి ఉన్నాయో సింక్రోట్రాన్ల దగ్గర చూస్తున్నారంటే దానికి పునాది ఇదే. అప్పట్లో కంప్యూటర్లెక్కడివి? లాగరిథం టేబుళ్లే గతి!

పెళ్లయ్యాక లీడ్స్ వెళ్లారు. ఇంటర్‌లో మీరు గీసే బెంజీన్ షడ్భుజి ఉంది కదా, అది బల్లపరుపుగానే ఉంటుందని అక్కడే, హెక్సామిథైల్ బెంజీన్ స్ఫటికంతో తేల్చేశారు. రసాయన శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాదించుకుంటున్న విషయమది.

తర్వాత లండన్ తిరిగొచ్చారు. పసిపిల్లలతో ఇంట్లోనే ఉండాల్సి వచ్చింది. ల్యాబ్ లేకపోయినా లెక్కలు చేస్తూనే ఉన్నారు. ఇంటి పనికి మనిషిని పెట్టుకునేందుకు డబ్బు ఏర్పాటు చేయించి బ్రాగ్ మళ్లీ పిలిపించారు. ఈ సంగతి వదిలేసి పట్టుదల గురించే చెబితే సగం కథే చెప్పినట్టు.

తీరా వెళ్తే ఆమెకు ఎక్స్‌రే పరికరం ఖాళీ లేదు. ఉన్నదల్లా ఓ పెద్ద పాత విద్యుదయస్కాంతం. సరే, దాంతోనే మొదలుపెట్టారు. అయస్కాంతం ప్రభావం స్ఫటికం మీద ఒక్కో దిశలో ఎంతుందో కొలిచారు. బెంజీన్ వలయంలో కొన్ని ఎలక్ట్రాన్లు ఒక్క పరమాణువుకే అంటిపెట్టుకోకుండా వలయమంతా తిరుగుతాయని దాంతో తేలింది. అప్పుడప్పుడే వస్తున్న మాలిక్యులర్ ఆర్బిటాల్ సిద్ధాంతానికి అది గట్టి ఆధారమైంది.

యుద్ధకాలంలో సివిల్ డిఫెన్స్ విధులకు పేరు నమోదు చేసుకోనన్నారు, జరిమానా కూడా కట్టనన్నారు. 1943లో నెల రోజులు జైలు. రెండేళ్లకే రాయల్ సొసైటీ ఫెలోలుగా ఎన్నికైన తొలి ఇద్దరు మహిళల్లో ఒకరయ్యారు. ఇంత చేసినా, 1946లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో రీడర్ అయ్యేదాకా ఫెలోషిప్‌లు, గ్రాంట్ల మీదే నెట్టుకొచ్చారు. అప్పటికామె వయసు 43. మూడేళ్లకు అక్కడే ప్రొఫెసరయ్యారు.