అరచేతిలో మాటలు నాటిన టీచర్

ఇంట్లో ఏడాది దాటిన పాపో బాబో ఉంటే ఈ గొడవ మీకు కొత్తేమీ కాదు. పాప ఏదో కావాలని ఏడుస్తుంది. పాలు పడితే తోసేస్తుంది, బొమ్మ ఇస్తే విసిరేస్తుంది. చివరికి నీళ్ల గ్లాసు వైపు చెయ్యి చూపిస్తే గానీ సంగతి మనకు తెలియదు. నోట మాట ఇంకా రాలేదు కానీ, చెప్పాలనే తపన ఎప్పుడో వచ్చేసింది. నోటితో పలకడానికి చాలా ముందే పిల్లలకు మాటలు అర్థమవుతాయని 1887లోనే గమనించి, దాన్నే తన బోధనకు పునాది చేసుకున్న ఒక టీచర్ ఉన్నారు. ఆమె ఆన్ సలివన్. హెలెన్ కెల్లర్ టీచర్‌గా ప్రపంచమంతా ఆమెను ఎరుగును.

కష్టాల బాల్యం

1866 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన ఒక పేద కుటుంబంలో ఆన్ పుట్టారు. ఐదేళ్ల వయసులో ట్రకోమా అనే కంటి జబ్బు వచ్చి చూపు బాగా దెబ్బతింది. కొన్నాళ్లకు తల్లి చనిపోయింది. తండ్రి పిల్లలను వదిలేశాడు. 1876లో ఆన్‌నూ ఆమె తమ్ముడినీ ట్యూక్స్‌బరీలోని పేదల శరణాలయంలో చేర్చారు. కొద్ది నెలలకే తమ్ముడు కన్నుమూశాడు. పద్నాలుగేళ్లు వచ్చినా ఆమెకు చదవడం, రాయడం తెలియదు. శరణాలయం తనిఖీకి వచ్చిన అధికారులను బతిమాలుకుని, 1880లో బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరారు. ఆరేళ్లు తిరిగేసరికి తన తరగతిలో మొదటి స్థానంలో నిలిచి చదువు పూర్తిచేశారు. ఆపరేషన్ల వల్ల చూపు కొంత తిరిగి వచ్చింది.

ఆ పాఠశాలలోనే లారా బ్రిడ్జ్‌మన్ అనే పెద్దావిడ ఉండేవారు. ఆమెకు చూపూ లేదు, వినికిడీ లేదు. ఆమెతో కబుర్లు చెప్పడం కోసం ఆన్ వేళ్లతో అక్షరాలు చూపే పద్ధతి నేర్చుకున్నారు. ఇది బధిరులు వాడే సంజ్ఞా భాష కాదు. సంజ్ఞా భాషకు సొంత సైగలు, సొంత వ్యాకరణం ఉంటాయి. ఇక్కడ మాత్రం ఇంగ్లిష్‌లో ఒక్కో అక్షరానికి వేళ్లతో ఒక్కో గుర్తు ఉంటుంది. చూపు లేనివారికి ఆ గుర్తులను అరచేతిలో తాకేలా చూపిస్తారు.

సైగలు చేసే చిన్నారి

1887 మార్చి 3న, తన ఇరవయ్యో ఏట, ఆన్ అలబామా రాష్ట్రంలోని టస్కంబియా చేరుకున్నారు. అక్కడ హెలెన్ కెల్లర్‌కు ఏడేళ్లు నిండవస్తున్నాయి. పందొమ్మిది నెలల వయసులో వచ్చిన జబ్బు ఆ పాప చూపునూ వినికిడినీ తీసుకుపోయింది. అయినా హెలెన్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తనంతట తానే సైగలు కల్పించుకుంది. రొట్టె కావాలంటే ముక్కలు కోసి వెన్న రాస్తున్నట్టు చూపేది. ఐస్‌క్రీం కావాలంటే దాన్ని చేసే మర తిప్పుతున్నట్టు చూపి, చలికి వణికేది. నాన్న అంటే కళ్లజోడు పెట్టుకున్నట్టు సైగ. ఆ ఇంటి వంటమనిషి కూతురికి ఈ సైగలన్నీ తెలుసు. ఇద్దరూ కలిసి ఆడుకునేవారు.

కానీ పాప పెరిగే కొద్దీ ఆ సైగలు చాలలేదు. చెప్పాలనుకున్నది ఎదుటివాళ్లకు అందనప్పుడు కాళ్లు నేలకేసి కొట్టి, అలిసిపోయేదాకా అరిచేది. ఆ అల్లరిని ఇంట్లోవాళ్లు జాలితో భరించేవారు. అది మాట లేక పడుతున్న బాధ అని ఆన్ గుర్తించారు.

వచ్చిన వెంటనే ఆమె హెలెన్ చేతిలో బొమ్మ పెట్టి, ఆ పేరును అక్షరం అక్షరంగా అరచేతిలో చూపడం మొదలుపెట్టారు. హెలెన్ ఆ గుర్తులను ఆటలా అనుకరించింది గానీ, ప్రతి వస్తువుకూ పేరుంటుందని ఆమెకు తట్టలేదు. ఏప్రిల్ 5న నీళ్ల పంపు దగ్గర అది మారింది. ఒక చేతి మీద చల్లటి నీళ్లు పడుతుంటే, రెండో చేతిలో ఆన్ నీళ్లు అనే మాటను మళ్లీ మళ్లీ రాశారు. హెలెన్ ఒక్కసారిగా నిశ్చలమైపోయింది. కొన్ని గంటల్లోనే ముప్ఫై కొత్త మాటలు నేర్చుకుంది.

పదిహేను నెలల పాప నేర్పిన పాఠం

పంపు కథ చాలామందికి తెలుసు. ఆ తర్వాత ఐదు రోజులకు ఆన్ తీసుకున్న నిర్ణయం గురించి తెలిసినవారు తక్కువ. రోజూ ఫలానా సమయానికి పాఠం, ఇన్ని మాటలు అనే పద్ధతిని ఆమె పక్కన పెట్టేశారు.

ఆ ఆలోచన హెలెన్ బంధువుల పాప వల్ల వచ్చింది. ఆ పాపకు పదిహేను నెలలు. ముక్కు ఏదంటే చూపిస్తుంది. పువ్వు ఇచ్చి అమ్మకు ఇవ్వమంటే తీసుకెళ్లి ఇస్తుంది. తలుపు వెయ్యమంటే వేస్తుంది. కానీ ఆ మాటల్లో ఒక్కటీ తన నోటితో పలకదు. అంటే పలకడానికి చాలా ముందే పాపకు అర్థమవుతోంది. ఆ పాపను కూర్చోబెట్టి ఎవరూ పాఠం చెప్పలేదు. రోజంతా చుట్టూ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. మనం పసిపిల్లల చెవిలో ఎలా మాట్లాడతామో, హెలెన్ చేతిలో అలాగే మాట్లాడాలని ఆన్ నిశ్చయించుకున్నారు. విడి మాటలకు బదులు పూర్తి వాక్యాలు చెప్పారు. అర్థం కాని చోట హెలెన్ సొంత సైగలనే తోడు తెచ్చుకున్నారు. సైగలను మాన్పించలేదు, వాటిని మెట్లుగా వాడుకున్నారు.

ఆ మాటలు అక్కడితో ఆగలేదు. రాడ్‌క్లిఫ్ కళాశాలలో ఆన్ పక్కనే కూర్చుని లెక్చర్లన్నీ హెలెన్ అరచేతిలో వినిపించారు. అసలే బలహీనమైన తన కళ్లను పుస్తకాలకు ధారపోశారు. 1904లో హెలెన్ పట్టభద్రురాలయ్యారు. 1936 అక్టోబర్ 20న ఆన్ కన్నుమూశారు. అప్పటికి ఆమె చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఆమె పోయాక కూడా హెలెన్ దేశదేశాలు తిరిగి వికలాంగుల తరఫున మాట్లాడారు. 1955లో మన దేశానికీ వచ్చారు.

మన ఇంట్లో

చప్పట్లు కొట్టించడం, తారంగం ఆడించడం, టాటా చెప్పించడం, దేవుడికి జేజే పెట్టించడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నవే. అవన్నీ పసిచేతులకు నేర్పే సైగలే. పాలు, నీళ్లు, ఇంకా కావాలి, చాలు, నిద్ర లాంటి నాలుగైదు మాటలకు కూడా ఒక్కో సైగ పెట్టుకోండి. ఇంట్లో అందరూ అదే సైగ వాడండి. సైగ చేసిన ప్రతిసారీ మాట కూడా పైకి అనండి. పాప తనకు తోచిన సైగ ఏదైనా చేస్తే దాన్నే ఒప్పుకోండి. కార్డులు పట్టుకుని పరీక్షలు పెట్టకండి, పక్కింటి పాపతో పోల్చకండి. పిలిస్తే తిరగకపోయినా, మాటలు ఆలస్యమవుతున్నాయనిపించినా మాత్రం ఆగకుండా డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి.

బడికి టైంటేబుల్ తప్పదు. రెండేళ్లలోపు పాపకు మాత్రం స్నానం, అన్నం, నిద్ర, వీటి మధ్య మీరు చెప్పే కబుర్లే పాఠాలు. ఈ రాత్రి అన్నం కలుపుతూ చూడండి. పాప చెయ్యి మీకేదో చెబుతూ ఉండవచ్చు.