బూజు కాదు, వేరుకు బంధువు

కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డా, వాటి దిబ్బలు అలాగే మిగిలాయి. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. గని మట్టిలో సారం ఉండదు, పైగా లోహాల విషం. మొక్క నిలబడితేనే దుమ్ము ఆగేది. అలాంటి చోట మొక్కకు తోడుండే శిలీంధ్రాల గుట్టు విప్పినవాడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్.

1839లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టిన ఫ్రాంక్ మొదట లైప్‌జిగ్‌లో, 1881 నుంచి బెర్లిన్ వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పాడు. ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగు భూమిలో పెరుగుతుంది. దాన్ని సాగు చేసే దారి చూడమని ప్రష్యా ప్రభుత్వం ఆయనకు పని అప్పగించింది. సాగు సంగతి తేలలేదు గానీ అడవి చెట్ల వేళ్లు తవ్వి చూస్తే కొసలకు తొడుగులా బూజు అల్లుకుని ఉంది. చెట్లేమో నిక్షేపంగా ఉన్నాయి! 1885లో ఆ జంటకు మైకోరైజా అని పేరు పెట్టాడు. గ్రీకులో శిలీంధ్రం, వేరు అనే మాటల కలయిక అది.

బూజు పట్టిందంటే తెగులే కదా! తోటి శాస్త్రవేత్తలు చాలామంది అదే అన్నారు. ఫ్రాంక్ ఒప్పుకోలేదు. చెట్టు చక్కెర ఇస్తుంది, శిలీంధ్రం నీరూ పోషకాలూ తెచ్చిపెడుతుంది, అంతేనన్నాడు. పైన్ నారును వేడిచేసి శుద్ధి చేసిన మట్టిలో కొంత, మామూలు అడవి మట్టిలో కొంత పెంచాడు. బూజు ఉన్న అడవి మట్టిలోని మొక్కలే ఏపుగా ఎదిగాయి. అయినా వాదం తెగలేదు. 1900లో బెర్లిన్‌లో ఆయన కన్నుమూసే నాటికీ సందేహాలు పోలేదు.

ఆయన మాట నిజమని తర్వాతి తరాలు తేల్చాయి. శిలీంధ్రపు పోగులు వేరు చేరలేని చోటి నుంచి భాస్వరం లాక్కొస్తాయి. 1981లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ పరిశోధకులు మరో సంగతి చూపారు. రాగి, జింకు ఎక్కువైన చోట శిలీంధ్రం ఉన్న హీదర్ మొక్కలు తట్టుకున్నాయి, లేనివి తట్టుకోలేదు. లోహం చాలావరకు వేళ్ల దగ్గరే ఆగిపోయింది.

మన పక్కనే నాగపూర్ జిల్లా గుంగావ్ మాంగనీసు గని దిబ్బ ఉంది. నీరి శాస్త్రవేత్తలు అక్కడ చక్కెర మిల్లు ప్రెస్‌మడ్‌తో పాటు మైకోరైజా, రైజోబియం కలిపి చెట్లు పెంచారు. రైజోబియం అన్న పేరూ 1889లో ఫ్రాంక్ పెట్టిందే.

ఒక్క మాట. లోహం మాయం కాదు, మట్టిలోనే ఉంటుంది. దిబ్బ పచ్చబడిందని పశువుల్ని తోలకూడదు. అయితే దుమ్ము ఊరి మీద పడకుండా ఆగితే, అదే పెద్ద మేలు.