ఎలైజా మెకాయ్

ఎడ్లబండి ఇరుసునకు కందెన వేయక పది మైళ్లు తోలిన యెడల ఏమగునో మన పల్లెటూరి బాలురకు వేరుగా చెప్పనక్కరలేదు. చక్రము కీచుమని మొఱపెట్టును, ఎడ్లు అలసిపోవును, తుదకు ఇరుసు అరిగిపోవును. గొప్ప యంత్రములకును గతి యిదియే. ఏ యంత్రమునకు ఏ చమురు తగును, దానిలో ఏ పదార్థమును కలుపవలెను, దానిని రాపిడి స్థలమునకు ఎట్లు చేర్పవలెను అను విచారణయందు తన ఆయుష్కాలమును గడపిన యొక శిల్పి చరిత్రమును మేమిచ్చట వ్రాయబూనితిమి.

ఎలైజా మెకాయ్ 1844 ప్రాంతమున కెనడా దేశమందలి ఆంటేరియోలో, కోల్‌చెస్టరు అను చోట జన్మించెను. ఆయన తలిదండ్రులగు జార్జి, మిల్‌డ్రెడ్ అనువారు అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున బానిసలై యుండిరి. ఆ దినములలో దయాళువులు కొందరు, వారిలో క్వేకరు క్రైస్తవులు అనేకులు, పారిపోవు బానిసలను రాత్రివేళ ఇంటినుండి ఇంటికి రహస్యముగా చేర్చుచుండిరి. ఆ దారినే వారిరువురును కెనడా చేరిరి. బ్రిటిషువారి యేలుబడిలో నుండిన ఆ దేశమున 1834 నుండి దాస్యము రద్దయి యుండెను. పిమ్మట ఆ కుటుంబము అమెరికాకు మరలివచ్చి మిచిగన్ రాష్ట్రములోని యిప్సిలాంటి పట్టణమున స్థిరపడెను.

పదునైదవ యేట బాలుని స్కాట్లండులోని ఎడింబరో నగరమునకు పంపిరి. దాస్యమునుండి తప్పించుకొని వచ్చినవారు కుమారుని సముద్రము దాటించి చదివించుట ఎంతటి సాహసమో మా పత్రికను చదువు తలిదండ్రులు ఎరుగుదురు. అచ్చట ఆయన పనినేర్చి, యంత్రశిల్పిగా యోగ్యత సంపాదించి తిరిగివచ్చెను. కాని నల్లజాతివానికి ఆ యుద్యోగమిచ్చువారు లేకపోయిరి. మిచిగన్ సెంట్రల్ రైలుమార్గమువారు ఆయనకు ఇంజనులో బొగ్గు వేయుటయు, చమురు పోయుటయు పనిగా నిచ్చిరి. ఇది అన్యాయమనియే మేము చెప్పుదుము.

ఆ కాలమున రైలు ఇంజను కొంతదూరము నడిచి ఆగవలసియుండెను. చమురువాడు దిగి, డబ్బా పట్టుకొని, కీళ్లకును ఇరుసులకును చమురు పోసినగాని బండి కదలదు. నడుచుచుండగనే యంత్రము తనకు తానే చమురు పోసికొనరాదా యని మెకాయ్ యోచించెను. 1872 లో ఆయన పేటెంటు పొందిన పాత్ర యందు ఆవిరి యొత్తిడిచేతనే కవాటము తెరువబడి చమురు సిలిండరులోనికి ప్రవహించును. అట్టి సాధనములు రైళ్లయందును ఓడలయందును వ్యాపించెను. అసలైన వస్తువును మెకాయ్ అని పిలుచు ఇంగ్లీషు లోకోక్తి ఆయనవలననే పుట్టెనని కొందరందురు. స్కాట్లండున అట్టి నుడి అంతకు పూర్వమే యున్నది గనుక మేమది నమ్మము. ఆయన కీర్తికి ఆ కథ అక్కరలేదు.

ఆయన పనులలో మేము శ్రేష్ఠమైనదిగా ఎంచునది 1915 నాటిది. అప్పటికి బొగ్గు ఆదా యగుటకై బాయిలరునుండి వెలువడిన ఆవిరిని మరల కాచి వాడు పద్ధతి వచ్చియుండెను. ఆ ఆవిరి మిక్కిలి వేడియైనది, తడిలేనిది. దాని తాకుడుకు చమురు పలుచబడి మాడును. గ్రాఫైటు, అనగా మన పెన్సిలులోని నల్లని పదార్థము, వేడికి చెడదు. దాని పొరలు ఒకదానిపై నొకటి సులువుగా జారును. చమురులో దానిని కలిపిన మేలేగాని, అది కరుగదు. అడుగున పేరుకొని సన్నని గొట్టములను మూసివేయును. మేలైన పదార్థమును ఎన్నుకొనినంతమాత్రమున చాలదు. అది పోవు త్రోవయు తెరచియుండవలెను. ఆ త్రోవ మూసికొనకుండ గ్రాఫైటును చమురుతోకూడ పంపు సాధనమును మెకాయ్ నిర్మించెను.

నేటి మోటారు బండ్లయందును ఈ చిక్కు వేరొక రూపమున గలదు. ఒక చక్రము బురదలో ఊరక తిరుగుచుండగా రెండవదానికి బలము చేరుటకై కొన్నిటి వెనుక ఇరుసులో, ఒకదానినొకటి ఒరసికొను పలకలు గల డిఫరెన్షియలు నుంచుదురు. దాని గేరు ఆయిలులో రాపిడిని సవరించు మందు చాలనియెడల మలుపులలో పలకలు గడగడలాడును. ఎక్కువైనచో పట్టు తప్పి జారిపోవును. కనుక చేసినవారు చెప్పిన మందునే, చెప్పిన కొలతనే వాడవలెను. ఎంత జారిన అంత మంచిదను తలంపు ఇచ్చట పనికిరాదు.

మెకాయ్ ఏబదికి పైగా పేటెంట్లు పొందెను. బట్టలు ఇస్త్రీచేయు బల్లయు వానిలో నున్నది. అయినను మూలధనము లేమిచే పెక్కింటి హక్కులను ఇతరులకు వ్రాసియిచ్చెను గనుక లాభము వారికే చేరెను. తన పేర ఒక కంపెనీ 1920 లో డెట్రాయిటున ఏర్పడునప్పటికి ఆయన వృద్ధుడు. 1922 లో మోటారు ప్రమాదమున ఆయన గాయపడెను. భార్యయగు మేరీ మరణించెను. ఈమె దిక్కులేని నల్లజాతి వృద్ధస్త్రీలకై డెట్రాయిటున ఆశ్రమము స్థాపించినవారిలో నొకతె. ఆయన మరల కోలుకొనలేదు. 1929 అక్టోబరు 10 వ తేదీన, మిచిగన్‌లోని ఎలోయిజ్ ఆసుపత్రియందు మృతినొందెను. 2012 లో డెట్రాయిటున అమెరికా ప్రభుత్వమువారు పేటెంటు కార్యాలయమును తెరచి, దానికి ఆయన పేరు పెట్టిరి.