చెన్నపట్టణమునకు పునాది వేసిన ఫ్రాన్సిస్ డే

కోట కట్టినవాని పేర కోటయు, ఊరు నిలిపినవాని పేర ఊరును వెలయుట లోకరీతి. ఫ్రాన్సిస్ డే విషయమున ఆ రీతి తప్పినది. చెన్నపట్టణమునకు స్థలము వెదకినవాడతడు, పట్టా సంపాదించినవాడతడు, కోట వ్యయమునకు తాను పూచీపడుటకు సాహసించినవాడును అతడే. అయినను నగరము ఒక తెలుగు ప్రభువు తండ్రిపేర ప్రసిద్ధి కెక్కినది.

ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. అచట గోలకొండ ఉద్యోగుల నిర్బంధమును, డచ్చివారి పోటీయు వారిని బాధించుచుండెను. అందుచే 1626లో నెల్లూరునకు దక్షిణమునగల దుర్గరాజపట్టణమున మరియొక స్థావర మేర్పరచుకొనిరి. ఇంగ్లీషువారు దానిని ఆర్మగాం అనిరి. డే అచటి అధికారి. అచట ఓడలు నిలుచుటకు అనువైన నీడ కలదు గాని, మేలైన వస్త్రము కావలసినంత దొరకదు. వస్త్రము లేని రేవు వర్తకునకు నిష్ప్రయోజనము. కావున అతడు 1637లో తీరము వెంబడి పుదుచ్చేరి వరకు పోయి క్రొత్తచోటు పరిశీలించెను.

ఆ దినములలో చంద్రగిరి రాజైన వేంకటపతిరాయల క్రింద దామెర్ల వేంకటాద్రి నాయకుడు వందవాసి కేంద్రముగా ఈ తీరమును పాలించుచుండెను. అతని సోదరుడు అయ్యప్ప నాయకుడు పూనమల్లి యందుండెను. ఉత్తరమున పులికాటులో డచ్చివారు, దక్షిణమున శాంతోములో పోర్చుగీసువారు. నడుమ మరియొక వర్తకజాతి నిలిచినచో రేవు వృద్ధియగును. పారశీకపు గుర్రములును లభించును. ఇది నాయకుల ఆలోచన. వస్త్రము ఇతరత్ర కంటె నూటికి 20 వంతులు చౌకగా దొరకుననుట డే లెక్క. ఇరువురి అవసరములు కలిసెను. 1639 ఆగస్టు 22వ తేదీదిగా ప్రసిద్ధమైన పట్టా వలన మద్రాసుపట్టణమను గ్రామమున కోట కట్టుటకును, నాణెములు ముద్రించుటకును కంపెనీకి హక్కు లభించెను. పట్టాలోనే ఆ గ్రామనామ ముండుటచే, ఆ పేరు ఇంగ్లీషువారు పెట్టినది కాదని స్పష్టము.

1640 ఫిబ్రవరి 20న ఆండ్రూ కోగన్, డే కొద్దిమంది సిపాయిలతో ఆ ఇసుకతిన్నెపై దిగిరి. బేరి తిమ్మప్ప అను తెలుగు దుబాసి వారికి తోడ్పడెను. కోటకు నాయకుడే ముందు ధనము పెట్టునని వారాశించిరి. ఆ ఆశ నెరవేరలేదు. కంపెనీ యజమానుల అనుమతి రాలేదు. పెట్టెలో పైకము చాలదు. అట్టి తరి, కోటకై తెచ్చిన అప్పుపై వడ్డీ తాను భరింతునని డే ముందుకు వచ్చెను. జీతముపై బ్రతుకు ఉద్యోగికి అది చిన్న పూచీ కాదు. పని సాగెను. కోటకు ఇంగ్లండు దేశపు రక్షకఋషియగు సెంటు జార్జి పేరు పెట్టిరి. నేతగాండ్రు, అద్దకపువారు, వర్తకులు వచ్చి కోట వెలుపల కాపురము లేర్పరచుకొనిరి.

లండనులోని యజమానులు సంతసింపలేదు. ఓడలు నిలువ నీడలేని అలల తీరమున ఇంత వ్యయమేలయని వారి ఆక్షేపణ. డే 1641లో స్వదేశమునకు పోయి సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చెను. సొంత వ్యాపారము చేసెనను నిందయు అతనిపై పడెను. ఆనాటి కంపెనీ ఉద్యోగులలో ఆ దోషము అరుదు కాదు. అయినను అతడు తిరిగివచ్చి, 1643 మొదలు 1644 వరకు ఆ కోటకే అధికారిగా నుండెను. పిదప ఈ తీరమును విడిచెను.

ఇక పేరు మాట. క్రొత్త పట్టణము తమ తండ్రి చెన్నప్ప నాయకుని పేర వెలయవలెనని దామెర్లవారి కోరిక. వారి సోదరుడు అంకభూపాలుడు తన ఉషాపరిణయ కావ్యమున, పులికాటు మైలాపురముల నడుమ అయ్యప్ప తండ్రిపేర చెన్నపట్టణము నిలిపిన విషయము చెప్పెను. 1645లో శ్రీరంగరాయలు తన శాసనమున దానిని శ్రీరంగరాయపట్టణ మనెను. రాజు పెట్టిన ఆ పేరు నిలువలేదు. మద్రాసు, చెన్నపట్టణము అను రెండు పేర్లే జనుల నోట నిలిచెను. 1996లో చెన్నై అనునది అధికారనామ మయ్యెను.

డే పేర నగరము లేదు. యజమానులు వలదన్న ఇసుకతిన్నె మహానగరమైనది. అతని పూచీ వృథా పోలేదు.