ఇన్కా గార్సిలాసో: ఇరు భాషల బిడ్డ

ఆండీస్ పర్వతశ్రేణుల నడుమ, సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున నెలకొన్న కుస్కో నగరం ఒకనాడు ఇన్కా చక్రవర్తుల రాజధాని. 1533లో పిజారో నాయకత్వాన స్పెయిన్ సైనికులు దానిని వశపరచుకున్నారు. ఆరేళ్ళ అనంతరం, 1539 ఏప్రిల్ 12న, ఆ నగరంలో ఒక శిశువు జన్మించాడు. తండ్రి విజేతల పక్షాన వచ్చి స్థిరపడిన కులీనుడు, కెప్టెన్ సెబాస్టియన్ గార్సిలాసో దె లా వేగా. తల్లి చింపు ఓక్లో, హువాయ్నా కాపాక్ చక్రవర్తికి సోదరుని కుమార్తె. బిడ్డకు పెట్టిన పేరు గోమెజ్ సువారెజ్ దె ఫిగెరోవా. లోకం ఎరిగిన పేరు మాత్రం ఇన్కా గార్సిలాసో దె లా వేగా. అది ఆయన తరువాత తానై స్వీకరించినది.

బాలుడు మొదట నేర్చినది తల్లి పలుకైన కెచువా భాష. తండ్రి మిత్రులు యుద్ధాల ముచ్చట్లు చెప్పుకొనేవారు. తల్లి వద్దకు ఇంచుమించు వారం వారం వచ్చే పుట్టింటి వృద్ధులు పూర్వరాజుల కథలు ఎత్తుకొని, పోయిన రాజ్యాన్ని తలచుకొని కన్నీటితో ముగించేవారు. ఇన్కాలకు లిపి లేదు; రంగురంగుల దారాలకు ముడులు వేసి లెక్కలు భద్రపరచేవారు. 'కిపు' అనే ఆ దారాలను చదవడం బాలునికి అబ్బింది. ఇతర జాగీరుల ప్రజలు, తాము చెల్లించిన పన్నుల లెక్క దొరల పుస్తకంతో సరిపోయినదో లేదో ఈ పిల్లవానిచేత చూపించుకొనేవారు.

మరొకవైపు లాటిన్ చదువు. కుస్కో ప్రధాన దేవాలయానికి చెందిన ఒక మతాచార్యుడు తనవంటి మిశ్రమ సంతతి బాలురకు పాఠాలు చెప్పేవాడు. ఆ బడి రోజులలోని ఒక ముచ్చట ఆయన వృద్ధాప్యంలోనూ మరువలేదు. ఆ లోయలో తొలిసారిగా ఎద్దులను నాగలికి పూన్చి దున్నుతున్నారని తెలిసి ఊరు ఊరంతా కదిలింది. మన బాలుడు బడి ఎగవేసి ఆ గుంపులో చేరాడు. ఫలితం రెండు డజన్ల దెబ్బలు. బడికి పోనందుకు తండ్రి కొన్ని కొట్టగా, తండ్రి కొట్టినవి చాలవని ఉపాధ్యాయుడు మిగిలినవి వడ్డించాడట! ఇంత సరసంగా తన దెబ్బల కథ చెప్పుకొన్న చరిత్రకారులు అరుదు.

ఆ తండ్రి చింపు ఓక్లోను వివాహమాడలేదు. 1549లో ఒక స్పెయిన్ స్త్రీని పెండ్లాడాడు. ఆమె మరొక ఇంటి ఇల్లాలయింది. పసివాని మనసులో ఈ ఎడబాటు ఎంత లోతుగా నాటినదో ఊహించవలసినదే. 1559లో మరణిస్తూ తండ్రి, కుమారుడు స్పెయిన్‌లో చదువుకొనడానికి 4,000 పెసోలు వదిలిపోయాడు. 1560లో ప్రయాణానికి ముందు ఒక అధికారి ఇంట పూర్వచక్రవర్తుల భద్రపరచిన దేహాలను యువకునికి చూపారు. హువాయ్నా కాపాక్ వేలిని ఆయన తాకి చూశాడు. మరల ఆ నేలను, తల్లిని ఆయన చూడలేదు. 1571లో ఆమె కన్నుమూసింది.

మాడ్రిడ్‌లో తండ్రి సేవలకు ప్రతిఫలం కోరుతూ అర్జీ పెట్టుకొన్నాడు. 1547 నాటి హువారినా యుద్ధంలో తండ్రి తిరుగుబాటుదారు గొంజాలో పిజారోకు తన గుర్రాన్ని ఇచ్చాడన్న కారణాన దానిని తోసిపుచ్చారు. కొంతకాలం సైన్యంలో పనిచేసి కెప్టెన్ హోదా పొందాడు. ఆపై పుస్తకాలే లోకమయ్యాయి. 1590లో ఇటాలియన్ నుండి 'ప్రేమ సంభాషణలు' అనువదించాడు. 1605లో ఫ్లోరిడా దండయాత్ర చరిత్ర, 1609లో ఆయన కీర్తికి ఆధారమైన 'రాజవంశ వ్యాఖ్యానాలు' లిస్బన్‌లో అచ్చయ్యాయి.

స్పెయిన్ రచయితలకు కెచువా రాకపోవడంవల్ల చరిత్ర వక్రమైనదని ఆయన వాదం. 'హువాకా' అన్న మాటనే తీసుకొన్నాడు. ఒక విధంగా పలికితే పవిత్ర వస్తువు, గొంతులోనుండి పలికితే ఏడవడం. ఈ తేడా పట్టని చెవులు ఒక జాతి మతాన్ని ఎలా గ్రహించగలవు? అంతటివాడూ, మాట్లాడే తోడు లేక తన భాషను తానే కొంత మరచిపోతున్నానని వాపోయాడు.

అయితే తల్లిజాతిపై మమకారం ఆయన కలాన్ని కొన్నిచోట్ల దారి తప్పించింది. ఇన్కాలు నరబలులు ఎరుగరని రాశాడు. 1995లో అంపాతో, 1999లో యుయాయాకో శిఖరాలపై మంచులో దొరికిన పిల్లల దేహాలు అందుకు విరుద్ధంగా సాక్ష్యమిస్తున్నాయి. కాని లోపలివానిగా ఆ నాగరికతను వర్ణించిన తొలి గ్రంథాలలో దాని స్థానం చెక్కుచెదరలేదు.

1616 ఏప్రిల్‌లో కోర్డోబా నగరంలో ఆయన మరణించాడు. ఒకప్పుడు మసీదై, పిదప క్రైస్తవాలయమైన మహాకట్టడంలో తాను ముందుగానే కొనుక్కున్న ప్రార్థనామందిరంలో సమాధి చేశారు. 1780లో రెండవ తుపాక్ అమారు తిరుగుబాటు చెలరేగింది. దానిని అణచివేసిన పిదప, 'వ్యాఖ్యానాలు' అమెరికా వలసలలో ఎవరి చేతికీ చిక్కరాదని స్పెయిన్ రాజు ఆజ్ఞాపించాడు. ఆయన పోయిన 160 ఏళ్ళకు పైబడి కూడా ఆ పుస్తకం ప్రభుత్వాన్ని భయపెట్టింది. 1978లో స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ ఆయన అవశేషాలలో కొంత భాగాన్ని కుస్కోకు తెచ్చి అప్పగించాడు. మిగిలినది కోర్డోబాలోనే ఉన్నది.