చిన్న ప్రశ్నలు అడిగిన డాక్టర్

కళ్లజోడు ఎక్కడ పెట్టారో తాతయ్య మర్చిపోతే ‘అల్జీమర్స్’ అని నవ్వేస్తాం. నిజానికి అది ఒక డాక్టర్ ఇంటిపేరు.

అలోయిస్ అల్జీమర్ 1864లో జర్మనీలోని మార్క్ట్‌బ్రైట్‌లో పుట్టారు. మెడిసిన్ చదివి 1888లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో చేరారు. 1901లో మతిమరుపుతో అగస్టే డేటర్ అనే 51 ఏళ్ల మహిళ అక్కడికి వచ్చారు. పేరేంటి, భర్త పేరేంటి, ఈ వస్తువేంటి అంటూ ఆయన చిన్న ప్రశ్నలే అడిగారు. జవాబులన్నీ రాసిపెట్టారు. ఉద్యోగం మారి మ్యూనిక్ వెళ్లినా ఆ కేసు వదల్లేదు. 1906లో ఆమె చనిపోయాక మెదడును మైక్రోస్కోప్‌ కింద చూస్తే అసహజమైన ముద్దలు, చిక్కుముడులు కనిపించాయి. ఆ ఏడాదే టూబింగెన్ సదస్సులో వివరిస్తే చర్చే జరగలేదు! అయినా ఆగకుండా 1907లో ప్రచురించారు. 1910లో ఆచార్యుడు క్రేపెలిన్ తన పాఠ్యపుస్తకంలో ఆ జబ్బుకు ఆయన పేరే పెట్టారు. 1915లో 51 ఏళ్లకే అల్జీమర్ కన్నుమూశారు.

ఇప్పుడు పెద్దవాళ్లకు చేసే స్క్రీనింగ్‌లోనూ చిన్న ప్రశ్నలే: మూడు మాటలు గుర్తుపెట్టుకోవాలి, గడియారం బొమ్మ వేయాలి. తేడా ఉంటే తర్వాతి పరీక్షలకు పంపుతారు. ఇంట్లో పెద్దల మతిమరుపు పెరుగుతుంటే నవ్వి వదిలేయకండి, డాక్టర్‌కు చూపించండి. మీ పనికి వెంటనే గుర్తింపు రాకపోతే అల్జీమర్‌ను తలచుకోండి.