సైన్సు అందరి పిల్లలదీ అన్న డాక్టర్ కొఠారీ

బహ్రెయిన్‌లో మన తెలుగువారి పిల్లలు చాలామంది సి.బి.ఎస్.ఇ. బడుల్లోనే చదువుకుంటున్నారు. నాన్న ఉద్యోగం మారి కుటుంబం హైదరాబాదుకో విశాఖపట్నానికో తిరిగి వెళ్ళినా, అక్కడి సి.బి.ఎస్.ఇ. బడిలో పై తరగతుల పిల్లలకు దాదాపు అదే సైన్సు పుస్తకం ఎదురవుతుంది. దేశమంతటికీ ఒక తీరు చదువు ఉండాలన్న ఆలోచనకు రూపం ఇచ్చిన వారిలో ముఖ్యులు డాక్టర్ దౌలత్ సింగ్ కొఠారీ. పిల్లల చదువు గురించి మాట వచ్చినప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది ఆయనే. అందుకే ఈ సంచికలో ఆయన జీవితాన్ని నాలుగు మాటల్లో చెప్పాలనుకున్నాను.

కొఠారీ 1906 జులై 6న ఉదయపూర్‌లో పుట్టారు. తండ్రి బడిపంతులు, కొఠారీ చిన్నతనంలోనే కన్నుమూశారు. అలహాబాదులో మేఘనాథ్ సాహా దగ్గర భౌతికశాస్త్రం చదివి, కేంబ్రిడ్జి వెళ్ళి పరిశోధన చేశారు. 1934లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా చేరారు. 1948లో రక్షణశాఖకు శాస్త్ర సలహాదారు అయ్యారు. 1961లో ఆయన తరువాత ఆ పదవి చేపట్టింది మన తెలుగు శాస్త్రవేత్త సూరి భగవంతం గారని చెప్పుకోవడం మనకు గర్వకారణం. అదే ఏడాది కొఠారీ యు.జి.సి. అధ్యక్షులై, 1973 వరకు కొనసాగారు.

1964లో భారత ప్రభుత్వం ఆయన అధ్యక్షతన విద్యా కమిషన్ నియమించింది. జె.పి. నాయక్ దానికి కార్యదర్శి. బ్రిటన్, అమెరికా, ఫ్రాన్సు, రష్యా, జపాన్ దేశాల విద్యావేత్తలు కూడా అందులో సభ్యులు. 1966 జూన్ 29న నివేదిక అందింది. అంతకుముందు చాలాచోట్ల ఎనిమిదో తరగతి దాటగానే పిల్లల్ని వేరువేరు పాయలుగా విడదీసేవారు. కొఠారీ కమిషన్ మాత్రం మొదటి పదేళ్ళూ సైన్సు, లెక్కలు ప్రతి పిల్లవాడికీ, ప్రతి ఆడపిల్లకూ తప్పనిసరి అంది. డాక్టరో ఇంజనీరో కాబోయేవాడికే సైన్సు అనే భావనను పక్కన పెట్టింది. మన రాష్ట్రంలో 1969-70లో వచ్చిన రెండేళ్ళ ఇంటర్మీడియట్ కూడా ఈ పది, రెండు, మూడు పద్ధతిలోదే.

ఆ నివేదికలో సైన్సుకు వేసిన మెట్లు నాకు చాలా ఇష్టం. చిన్న తరగతుల్లో పిల్లవాడి చుట్టూ ఉన్న మొక్కలు, జంతువులు, గాలి, నీరు చూపించాలి. నాలుగో తరగతిలో కొలతల గుర్తులు, పటాలు అర్థమయ్యేందుకు రోమన్ అక్షరాలు నేర్పాలి. ప్రాథమిక బడిలో ఒక సైన్సు మూల, ఆ పై తరగతులకు ప్రయోగశాల ఉండాలి. పల్లెలో సైన్సు వ్యవసాయంతో, పట్నంలో పరిశ్రమతో ముడిపడాలి.

మొదటి పదేళ్ళూ సైన్సు అందరికీ అన్నది అమలయింది. చుట్టూ ఉన్నది చూడమన్న మాట మాత్రం మార్కుల పరుగులో వెనకబడింది. మన దీవిలో పిల్లలు పాఠంలోని వరిచేను భాగాలు కంఠస్థం చేస్తారు. ఇంటికి దగ్గర్లో సముద్రం రోజూ ఎందుకు వెనక్కి వెళ్ళి వస్తోందో అడగరు. ఇక్కడి ఖర్జూరం చెట్టు, ముత్యపు చిప్ప, 1932లో చమురు పడిన జెబల్ దుఖాన్, ఒకప్పుడు ముత్యాలగాళ్ళు నీళ్ళు పట్టుకున్న సముద్రపు అడుగు మంచినీటి ఊటలు అన్నీ సైన్సు పాఠాలే. వీటికి ట్యూషన్ ఫీజు లేదు. శుక్రవారం ఒక గంట చాలు.

శాస్త్ర పదాలను భారతీయ భాషల్లో రూపొందించేందుకు 1961లో ఏర్పడిన సంఘానికి తొలి అధ్యక్షులు కూడా కొఠారీ గారే. కనుక ఆ గంటలో పిల్లలతో తెలుగులో మాట్లాడితే ఆయన తలపెట్టిన రెండు పనులనూ మనం కొంత ముందుకు తీసుకెళ్ళినట్టే.

1973లో పద్మవిభూషణ్ అందుకున్న కొఠారీ 1993 ఫిబ్రవరి 4న కన్నుమూశారు. ఈ రెండు రోజుల సంబరాలు ముగిసి ఇళ్ళకు వెళ్ళాక, మీ పిల్లల సైన్సు పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. అందులో ఏ పాఠం మన దీవిలో కళ్ళారా చూడవచ్చో వారినే వెతకమనండి.